ఏటీవీ హ్యాండిల్‌బార్ మీద తీసిన వీడియోలో జెల్లీ అలలు

యాక్షన్ కెమెరాను ఏటీవీ (మట్టిదారుల్లో నడిపే నాలుగు చక్రాల బండి) హ్యాండిల్‌బార్‌కి క్లాంప్‌తో బిగించి 4కె, 60 ఫ్రేములు, వైడ్, స్టెబిలైజేషన్ ఆన్‌లో తీస్తున్నాను. గుంతల కుదుపు బాగానే సర్దుకుంటోంది. ఇంజన్ 4,000 ఆర్‌పీఎం దాటితే మాత్రం ఫ్రేమంతా జెల్లీలా అలలు. బండి ఆపి న్యూట్రల్‌లో రేస్ చేసినా అంతే, కాబట్టి తప్పు దారిది కాదు.

రబ్బరు వాషర్లు వేసి, పొడవాటి ఆర్మ్ తీసి పొట్టిది పెడితే కొంచెం తగ్గింది. షట్టర్ 1/120 సెకనుకి దించి, వెలుతురు తగ్గించే ఎన్‌డీ16 ఫిల్టర్ పెడితే ఇంకా చెడింది: స్టెబిలైజేషన్ ఫ్రేమును నిలబెడుతుంది గానీ మసకను తుడవలేదు కదా! 1/480లో మసక పోయింది, అలలు పోలేదు. ఛాతీ మౌంట్‌తో అలలు లేవు, కానీ నిలబడి నడిపేటప్పుడు ముందుకు వంగితే నేలే కనిపిస్తోంది.

కెమెరాను హ్యాండిల్‌బార్ మీదే ఉంచి ఈ ఇంజన్ వణుకు ఆపాలంటే ఎలాంటి డ్యాంపర్ వాడాలి?