గేటు దగ్గర 17వ నంబరు, గ్రంథాలయం దగ్గర 43: కెమెరా మారితే గుర్తింపు ఎందుకు మారుతోంది?

ప్రశ్న (బీటెక్ విద్యార్థిని):

నమస్కారం. చివరి సంవత్సరం ప్రాజెక్టు కోసం, అనుమతి తీసుకుని, మా కళాశాలలోని నాలుగు సీసీ కెమెరాల వీడియోలలో నడిచివెళ్లే వారిని ట్రాక్ చేస్తున్నాను. ఏ కెమెరాకు ఆ కెమెరా విడిగా చూస్తే ఇబ్బంది లేదు. యోలో మోడల్‌తో మనుషులను గుర్తించి, ఒక్కొక్కరికి ఒక నంబరు ఇచ్చి వెంబడించే బైట్‌ట్రాక్ ప్రోగ్రాముకు అందిస్తే, చెట్టు చాటుకు వెళ్లి వచ్చినవారికి కూడా చాలాసార్లు పాత నంబరే నిలుస్తోంది. కానీ గేటు దగ్గర 17వ నంబరుగా ఉన్న వ్యక్తి గ్రంథాలయం వసారాలోకి వచ్చేసరికి 43 అయిపోతున్నాడు, లేదా ఇంకొకరి నంబరుతో కనబడుతున్నాడు. ఈ రెంటి మధ్య ఏ కెమెరాకూ అందని దారి దాదాపు 40 మీటర్లు ఉంది. రూపాలను పోల్చడానికి మార్కెట్-1501 అనే పాదచారుల చిత్రాల డేటాతో శిక్షణ పొందిన ఓఎస్‌నెట్ అనే మోడల్ వాడుతున్నాను. విచిత్రమేమిటంటే, శనివారం వీడియోలో పొరపాట్లు తక్కువగా, మిగతా రోజుల్లో విపరీతంగా ఉన్నాయి. ఇంకా పెద్ద మోడల్ తీసుకోవాలా?

జవాబు 1:

శనివారం మీకు యూనిఫాం ఉండదు కదూ? మార్కెట్-1501లో ఉన్నది ఆరు కెమెరాలకు చిక్కిన 1,501 మంది, తలా ఒక రకం దుస్తుల్లో. అలాంటి డేటాతో నేర్చుకున్న మోడల్ ప్రధానంగా బట్టల రంగుల మీదే ఆధారపడుతుంది కాబట్టి, అందరూ ఒకే రంగు చొక్కా వేసుకున్న రోజున దానికి అందరూ ఒకేలా కనిపిస్తారు. పెద్ద మోడల్ తెచ్చినా పెద్దగా ఒరిగేది లేదు. రూపాన్ని పోల్చడానికి ముందే, పోల్చవలసిన వారి సంఖ్యను తగ్గించండి. 40 మీటర్లు మామూలుగా నడిచేవారికి అర నిమిషం పడుతుంది. కాబట్టి వసారాలో కొత్తగా కనబడిన వ్యక్తిని, అంతకు 20 నుంచి 90 సెకన్ల ముందు గేటు కెమెరాలో గ్రంథాలయం వైపు అంచు దాటిన వారితో మాత్రమే పోల్చండి. ఎవరికి వారికి దగ్గరి పోలికను విడిగా ఎంచుకుంటే ఇద్దరికి ఒకే నంబరు పడుతుంది. అందుకని అందరినీ కలిపి హంగేరియన్ పద్ధతిలో, అంటే మొత్తం మీద పోలిక బాగా కుదిరేలా ఒకరికి ఒకరినే కేటాయించే లెక్కతో, జత చేయండి. 1955 నాటి పద్ధతి, ఈ పనికి ఇప్పటికీ చాలు.

జవాబు 2 (కెమెరాలు బిగించే పనిలో ఉన్నవాడిని):

పై సలహా మంచిదే, కానీ గడియారాలు కలిస్తేనే పనిచేస్తుంది. వీడియో మూలన కనిపించే సమయం చాలా చోట్ల ఆ కెమెరా సొంత గడియారానిది. అన్నింటినీ ఒకే ఎన్‌టీపీ సర్వరుకు (నెట్‌వర్క్ ద్వారా గడియారాలను సరిచేసేది) కలిపితే సరి. ఇప్పటికే తీసిన వీడియోలకు తేడా తెలియాలంటే, ఫోనులో స్టాప్‌వాచ్ మొదలుపెట్టి, దాన్ని ఆపకుండా నాలుగు కెమెరాల ముందూ ఒక్కొక్క క్షణం పట్టుకుని చూడండి. ఫ్రేములు లెక్కపెట్టి సమయం కట్టవద్దు. నెట్‌వర్క్ రద్దీలో ఫ్రేములు జారిపోతాయి, లెక్క మెల్లగా తప్పుతుంది. చీకటి పడ్డాక కెమెరా నలుపు-తెలుపులోకి మారుతుందనీ, రంగుల పోలిక అక్కడితో ముగిసినట్టేననీ గుర్తుంచుకోండి.

జవాబు 3:

ట్రాకింగ్ ఎంత బాగుందో చెప్పే కొలమానాలు మోటా, ఐడీఎఫ్1. మీ ఫలితాన్ని మోటాతో కాకుండా ఐడీఎఫ్1తో కొలవండి. నంబరు ఒకసారి తారుమారై ఎంతసేపు తప్పుగా కొనసాగినా మోటాకు అది ఒక్క పొరపాటే. ఎంతసేపు సరైన నంబరు నిలిచిందన్నది ఐడీఎఫ్1 చూస్తుంది. ఇది 2016లో డ్యూక్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఎనిమిది కెమెరాలతో తీసిన డేటాసెట్‌తో పాటు వచ్చింది. విద్యార్థుల గోప్యతపై విమర్శల తరువాత ఆ డేటాసెట్‌ను 2019లో ఉపసంహరించారు కాబట్టి, మీ వీడియోలను మాత్రం ఎక్కడా అప్‌లోడ్ చేయవద్దు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:

అందరికీ కృతజ్ఞతలు. మొదట సమయపు హద్దు మాత్రమే పెట్టి చూస్తే పొరపాట్లు ఇంకా పెరిగాయి. స్టాప్‌వాచ్ పట్టుకుంటే తెలిసింది: వసారా కెమెరా 52 సెకన్లు వెనుక ఉంది, అంటే నా లెక్కలో మనుషులు గేటు దాటకముందే గ్రంథాలయానికి చేరుతున్నారు. అది సరిచేశాక యూనిఫాం రోజుల్లో కూడా చాలావరకు కుదిరింది. పక్కపక్కన నడిచి వచ్చే ఇద్దరు స్నేహితుల నంబర్లు మాత్రం ఇంకా తారుమారవుతున్నాయి.

జవాబు 1 రాసినవారు:

వారి విషయంలో సమయం సాయపడదు. ఇద్దరి పోలిక అంకెల మధ్య తేడా బాగా తక్కువగా ఉంటే, అప్పుడే నంబరు ఖాయం చేయకుండా ఇద్దరినీ ఒక జంటగా ఉంచి, బ్యాగు గాని చెప్పులు గాని స్పష్టంగా కనిపించే తరువాతి కెమెరా దాకా ఆగండి.