అప్‌డేట్: ఎలక్ట్రోస్పిన్నింగ్ పోగులు ఇప్పుడు వరుసలో పడుతున్నాయి

పాలీకాప్రోలాక్టోన్ అనే పాలిమర్‌లో కార్బన్ నానోట్యూబులు (అతిసన్నని కార్బన్ గొట్టాలు) కలిపి ఎలక్ట్రోస్పిన్నింగ్ చేస్తే, అంటే అధిక వోల్టేజితో ఆ ద్రావణాన్ని సూది నుండి సన్నని పోగులుగా లాగితే, పోగులు ఒకే దిశలో కాకుండా చిందరవందరగా పడుతున్నాయని ఇంతకుముందు అడిగాను. పోగులను చుట్టుకునే డ్రమ్ము వేగం పెంచి చూడమన్నవారికి కృతజ్ఞతలు.

10 సెంటీమీటర్ల వ్యాసం గల డ్రమ్మును నిమిషానికి 2000 చుట్లు తిప్పగా, అంచు వేగం సెకనుకు సుమారు 10 మీటర్లకు చేరి, సూది నుండి మెలికలు తిరుగుతూ వచ్చే ధారను లాగి పరచసాగింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పోగులు మగ్గం మీది పడుగులా కనిపించాయి. ఇంకా పెంచితే మాత్రం పోగులు తెగిపోతున్నాయి. డ్రమ్ముకు బదులు రెండు లోహపు పట్టీల మధ్య ఖాళీ వదిలి, పోగులు ఆ ఖాళీకి అడ్డంగా పడేలా చేసే పద్ధతి పలుచని పొరకు చక్కగా పనిచేసింది గాని, పొర మందమయ్యేకొద్దీ, పోగుల్లో మిగిలిన విద్యుదావేశం కొత్తవాటిని వికర్షించడంతో వరుస చెదిరింది. మందపాటి పొర కావలసినవారికి డ్రమ్మే మేలని నా అభిప్రాయం.

నానోట్యూబుల ఉండలను పాలిమర్ కలపకముందే, ద్రావకంలోనే అల్ట్రాసోనికేషన్‌తో (అతిధ్వని తరంగాలతో) విడగొడుతున్నాను. పాలిమర్ కలిపిన తర్వాత ఎక్కువసేపు అలా చేస్తే పాలిమర్ గొలుసులు తెగి, చిక్కదనం తగ్గి, పోగులపై పూసలు కడతాయి. ఇక హైదరాబాదు వానాకాలపు తేమ సంగతి: ద్రావకమైన క్లోరోఫాం వేగంగా ఆవిరవుతుంటే చల్లబడిన పోగుపై నీటి ఆవిరి చేరి సన్నని గుంటలు పడుతున్నాయి. అందుకని పెట్టెలో సిలికా జెల్ ఉంచి, తేమ 40 శాతానికి దిగాకే వోల్టేజి ఇస్తున్నాను. పోగుల పొడవునా, అడ్డంగా తన్యతా పరీక్ష (లాగి బలం కొలవడం) చేయవలసి ఉంది.