రెజ్యూమెలో ఎంతవరకు సర్దుబాటు, ఎక్కడినుంచి అబద్ధం?

కొత్తపేజీ:
ఒకరి రెజ్యూమె దిద్దిపెడుతున్నాను. మూడు చోట్ల పేచీ వచ్చింది. మొదటిది, రెండు ఉద్యోగాల మధ్య ఎనిమిది నెలల గ్యాప్. పాత ఉద్యోగాన్ని కాగితం మీద ఐదు నెలలు పొడిగిస్తే గ్యాప్ మూడు నెలలే కనిపిస్తుంది. రెండోది, ఆఫర్ లెటర్లో హోదా ‘అసోసియేట్’, చేసిన పని మాత్రం ఐదుగురి టీమ్‌ను నడిపించడం. ‘టీమ్ లీడ్’ అని రాసుకోవచ్చా? మూడోది, ప్రకటనలో ఒక టూల్ మీద ఐదేళ్ల అనుభవం అడిగారు, మనిషికి ఉన్నది ఏడాదిన్నర. ఇవి చాలవన్నట్టు, డబ్బిస్తే ఎక్స్‌పీరియెన్స్ లెటరూ పేస్లిప్పులూ అన్నీ ‘సెట్ చేసి’ ఇస్తామనేవాళ్లు కూడా తగిలారు.

తప్పా ఒప్పా అన్న సంగతి కూడా అడుగుతున్నాను, కానీ ప్రవచనం వద్దు. జూనియర్ ఉద్యోగానికి కూడా కంపెనీలు చాంతాడంత అర్హతల జాబితా పెడతాయి, సగం వాళ్లకే అక్కర్లేదు. అభ్యర్థి ఒక్కడే అక్షరం పొల్లుపోకుండా నిజం చెప్పాలా?

పచ్చటిక్కు:
వెరిఫికేషన్ ఎలా నడుస్తుందో చెబుతాను, సగం జవాబు అందులోనే ఉంది.

బ్యాక్‌గ్రౌండ్ చెక్ మామూలుగా రెజ్యూమె ఒక్కదాని మీదే జరగదు. ఆఫర్ ఇచ్చాక ఒక ఫారం నింపిస్తారు, దాని మీద జరుగుతుంది. ఆ ఫారం చివర ‘పై వివరాలన్నీ నిజం, అబద్ధమని తేలితే ఉద్యోగం నుంచి తొలగించవచ్చు’ అన్న అర్థంలో ఒక డిక్లరేషన్ ఉంటుంది. చదవకుండా సంతకం పెట్టేది దాని కిందే. కంపెనీ తరఫున ఈ చెక్ చేసే ఏజెన్సీ ఆ వివరాలు పట్టుకుని పాత కంపెనీని అడిగేవి ఇవి: చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, ఉద్యోగి నంబరు, మళ్లీ తీసుకుంటారా లేదా. కొన్నిచోట్ల చివరి జీతం, మానేసిన కారణం కూడా. మీరిచ్చిన ఫోన్ నంబరుకే చేసి ఊరుకుంటారనుకోవద్దు. కంపెనీ వెబ్‌సైట్లోంచి నంబరు వాళ్లే తీసుకుంటారు. జవాబు కంపెనీ డొమైన్ ఉన్న మెయిల్ నుంచి రావాలి, జీమెయిల్ నుంచి వస్తే లెక్కలోకి రాదు. డిగ్రీ అయితే హాల్ టికెట్ నంబరుతో నేరుగా యూనివర్సిటీనే అడుగుతారు.

రిపోర్టు చాలాచోట్ల రంగుల్లో వస్తుంది. పచ్చ అంటే సరిపోయింది. పసుపు అంటే చిన్న తేడా, లేదా వివరం దొరకలేదు. ఎరుపు అంటే చెప్పినదానికీ రికార్డుకీ పొంతన లేదు. కొద్ది రోజులో ఒక నెలో తేడా ఉంటే చాలా కంపెనీలు వివరణ తీసుకుని వదిలేస్తాయి. ఐదు నెలల తేడాని మరుపు అంటే ఎవరూ నమ్మరు.

ఇక్కడ చాలామంది చూసుకోనిది ఒకటుంది. ఐదు నెలలు పొడిగించడమంటే ఒక్క తేదీ మార్చడం కాదు. చివరి మూడు నెలల పేస్లిప్పులు అడుగుతారు. అవి మార్చాలి. వాటికి సరిపడే జీతం బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో పడి ఉండాలి. రిలీవింగ్ లెటర్ మీద తేదీ మారాలి. పన్ను రికార్డుల్లో ఆ నెలల ఆదాయం కనిపించాలి. రెజ్యూమెలో అబద్ధంగా మొదలైంది రెండో అడుగులోనే ఫోర్జరీ అయి కూర్చుంటుంది, అది వేరే నేరం.

‘సెట్ చేసి’ ఇచ్చేవాళ్ల సంగతి. చాలాసార్లు వాళ్లు చూపించే కంపెనీ రిజిస్ట్రేషన్ తేదీ మీరు చేరానని చెప్పే తేదీ తర్వాత ఉంటుంది. వెబ్‌సైట్ డొమైన్ కొని ఏడాది కూడా అయి ఉండదు. అడ్రసుకు మనిషిని పంపితే అక్కడ ఇల్లో తాళమో ఉంటుంది. పేస్లిప్పులో కోతలు పోగా వచ్చే మొత్తం కింద రాసిన మొత్తంతో కలవదు, లేదా బ్యాంకులో పడిన రూపాయితో కలవదు. ఇవేవీ పట్టుకోకపోయినా ఇంకొకటి పట్టుకుంటుంది: అదే హెచ్‌ఆర్ సంతకం, అదే వాక్యం, అదే లెటర్‌హెడ్‌తో ఇంకో పదిమంది అభ్యర్థులు అదే ఏజెన్సీ బల్ల మీదికి వస్తారు. అనుమానం ఉన్న కంపెనీల జాబితాలు ఏజెన్సీల దగ్గర ఉంటాయి. పేరు ఒకసారి అందులోకి ఎక్కితే అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ల ఫైళ్లు కూడా తిరగేస్తారు. పైగా మీ పేరు మీద దొంగ కాగితాలు తయారుచేసినవాడి దగ్గర వాటి కాపీలు ఉండిపోతాయి. జుట్టు వాడి చేతికిచ్చినట్టే.

మార్జిన్‌నోట్:
పై జవాబు దేన్ని రాయకూడదో చెప్పింది. ఏం రాయాలో చెబుతాను.

గ్యాప్‌కి ఒక్క వరుస చాలు: ‘మార్చి 2023 – అక్టోబర్ 2023: కుటుంబ బాధ్యతల వల్ల విరామం’. నిజమైన కారణం ఏదైతే అది, రెండో వరుస అక్కర్లేదు. ఆ కాలంలో ఏదైనా కోర్సు పూర్తిచేసి ఉంటే పక్కన చేర్చండి. నెలలు తీసేసి సంవత్సరాలే రాసే పద్ధతి ఉంది, అది అబద్ధం కాదు, కానీ రిక్రూటర్లకు ఆ చిట్కా కొత్త కాదు. నెలల్లేని తేదీలు కనబడగానే మొదటి ప్రశ్న గ్యాప్ గురించే వస్తుంది. ఎలాగూ ఫారంలో నెలలు రాయక తప్పదు. గ్యాప్ నింపడానికి ‘ఫ్రీలాన్స్’ అని మాత్రం పెట్టొద్దు. క్లయింట్ ఎవరు, ఇన్‌వాయిస్ ఏది అంటే చూపించాలి.

హోదా విషయంలో లెటర్లో ఉన్నదే ముందు రాసి, చేసిన బాధ్యత పక్కన పెట్టండి: ‘అసోసియేట్ – ఐదుగురి టీమ్‌కు లీడ్ బాధ్యతలు’. ఫారంలో మాత్రం ‘అసోసియేట్’ అంతే. బాధ్యత రాసేటప్పుడు కూడా మాట తూచి వాడాలి. పని పంచి, సమీక్షించి, గడువులు చూసుకున్న మనిషి అదే రాయాలి. అప్రైజల్స్, సెలవులు ఇంకొకరి చేతిలో ఉండి ఉంటే ‘టీమ్‌ను మేనేజ్ చేశాను’ అనొద్దు. ఇంటర్వ్యూలో ‘తక్కువ రేటింగ్ ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఆ మనిషితో ఎలా మాట్లాడారు?’ అని అడిగితే అక్కడే తెల్లముఖం వేయాల్సి వస్తుంది.

దీనికి పక్కనే ఉండే ఒక పొరపాటు, ఇది నిజాయితీపరులకే జరుగుతుంది. వేరే సంస్థ పేరోల్ మీద ఉండి పెద్ద కంపెనీలో పనిచేసినవాళ్లు ఆ పెద్ద కంపెనీనే యజమాని అని రాసేస్తారు. ఏజెన్సీ అడిగితే అక్కడి హెచ్‌ఆర్ ‘ఈ పేరుతో మా దగ్గర ఎవరూ లేరు’ అంటుంది, ఎర్ర రంగు పడుతుంది. జీతం ఇచ్చిన సంస్థ పేరు ముందు, క్లయింట్ పేరు తర్వాత రాయాలి.

టూల్ గురించి ఏడాదిన్నర అనే రాయండి, రాసి అప్లై చేయండి. ప్రకటనలో ఐదేళ్లనేది చాలాసార్లు కోరిక, షరతు కాదు. చట్టప్రకారం లైసెన్స్ కావాల్సిన ఉద్యోగాలకు ఈ మాట వర్తించదు. ఐదేళ్లని రాస్తే ఇంకో చిక్కు కూడా ఉంది. ఏడాదిన్నర అన్నవాడికి వేసే ప్రశ్నలు వేరు, ఐదేళ్లన్నవాడికి వేసేవి వేరు. ఇంటర్వ్యూ చేసేవాడు ముందు ఏం చేశావంటాడు, తర్వాత ఇంకో పద్ధతి ఉండగా ఇదే ఎందుకంటాడు, చివరికి ఎక్కడ పాడైంది, పాడైందని ఎలా తెలిసిందంటాడు. మూడోదానికి చేసినవాడే జవాబు చెప్పగలడు. ఏడాదిన్నర నిజంగా పనిచేసిన మనిషి దాన్ని బాగానే దాటుతాడు, కానీ ఐదేళ్ల కొలతతో తూస్తే తేలిపోతాడు. పని తెలిసిన మనిషిని మనమే ఫెయిల్ చేయించినట్టవుతుంది.

‘ఖర్చు 30 శాతం తగ్గించాను’ లాంటి అంకెలకు ఎంత నుంచి ఎంతకు, ఎవరు కొలిచారు, అందులో మీ వంతెంత అన్నవి నాలుక మీద ఉండాలి. లేకపోతే అంకె తీసేయండి. ప్రకటనలోని కీవర్డ్స్ అన్నీ తెల్ల అక్షరాల్లో కింద దాచిపెట్టే తెలివి కూడా వద్దు. ఏటీఎస్, అంటే దరఖాస్తులను వడపోసే సాఫ్ట్‌వేర్, ఫైలును మామూలు టెక్స్ట్‌గా మారుస్తుంది, దాచినదంతా రిక్రూటర్‌కి బారెడు పొడుగున కనిపిస్తుంది.

ముక్కుసూటి:
వినడానికి బాగానే ఉంది. కానీ చిన్న కంపెనీల్లో సగం చోట్ల చెక్ అనేదే ఉండదు. అనుభవం లేనిదే ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం లేనిదే అనుభవం రాదు. నిజం రాసినవాడి రెజ్యూమె మొదటి వడపోతలోనే పోతుంది, ఫేక్ పెట్టినవాడు లోపలికెళ్లి ఆరు నెలల్లో పని నేర్చుకుంటాడు. పని చక్కగా చేస్తున్నప్పుడు ఎవరికి నష్టం?

తాసు:
@ముక్కుసూటి, ‘చెక్ చేయరు’ అన్నది ఆ రోజుకే నిజం. కంపెనీని ఇంకొకరు కొన్నప్పుడు, క్లయింట్ కొత్తగా వెరిఫికేషన్ అడిగినప్పుడు, పెద్ద పదవికి పేరు వచ్చినప్పుడు ఫైలు మళ్లీ తెరుస్తారు. అబద్ధానికి కాలదోషం పట్టదు. 2012 జనవరిలో యాహూ సీఈఓ అయిన స్కాట్ థాంప్సన్ మే నెలకే దిగిపోయాడు. అకౌంటింగ్ డిగ్రీ పక్కన లేని కంప్యూటర్ సైన్స్ డిగ్రీ కూడా ఉందని ఆయన వివరాల్లో ఉండటమే గొడవకు మూలం. అంత పదవికి ఎక్కినవాణ్ని డిగ్రీ ఏమిటని అడిగే అవసరమే లేదు, అయినా అదే ముంచింది. ఎంఐటీలో అడ్మిషన్స్ డీన్‌గా ఉన్న మ్యారిలీ జోన్స్ 28 ఏళ్ల సర్వీసు తర్వాత 2007లో రాజీనామా చేశారు, లేని డిగ్రీలు రాసుకున్నందుకు. ఇద్దరి విషయంలోనూ గొడవ పని చేతకావడం గురించి కాదు. కాబట్టి ‘పని చక్కగా చేస్తున్నాను కదా’ అన్న వాదన రక్షించదు.

చట్టం మాత్రం ఆ వాదనను కొంత పట్టించుకుంది, అది న్యాయమే అనిపిస్తుంది. లేని డిగ్రీలు, అనుభవం చూపించి ఒక హాస్పిస్‌కు (చివరి దశ రోగులను చూసుకునే సంస్థ) సీఈఓ అయిన వ్యక్తి కేసులో 2022లో బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పని నిజంగానే చేశాడు కాబట్టి సంపాదించిన జీతమంతా లాక్కోవడం రెట్టింపు శిక్ష అవుతుందని, నిజం చెప్పి ఉంటే వచ్చే జీతానికీ ఇప్పుడొచ్చినదానికీ ఉన్న తేడాను జప్తు చేయొచ్చని అంది. అదే, అర్హత లేకుండా చేయడమే చట్టవిరుద్ధమైన పని అయితే, సర్జన్ లాంటిది, మొత్తం జీతం పోవచ్చు. ఆ వ్యక్తికి జైలుశిక్ష అంతకుముందే పడింది. అమెరికాలో ఇంకో మెలిక ఉంది. కంపెనీ మిమ్మల్ని వివక్షతో తీసేసిందని కేసు వేశారనుకోండి. మీ తప్పు ఒకటి అప్పుడు బయటపడి, అది తెలిస్తే ఎలాగూ తీసేసేవాళ్లమని కంపెనీ నిరూపిస్తే, మీకు రావాల్సిన పరిహారం బాగా కుదించుకుపోతుంది. 1995 నాటి మెకెన్నన్ కేసు నుంచి ఉన్న సూత్రమిది. రెజ్యూమె అబద్ధాలకు కూడా దాన్నే వాడతారు. అంటే అబద్ధం చెప్పినవాడు తనకు జరిగిన అన్యాయం మీద నిలబడే హక్కునూ బలహీనపరుచుకుంటాడు.

ఎవరికి నష్టమంటే, చాంతాడు జాబితా రాసిన కంపెనీకి కాదు. అదే ఉద్యోగానికి ఏడాదిన్నరని నిజం రాసి వడపోతలో పోయినవాడికి. ఐదేళ్ల మనిషి వచ్చాడని నమ్మి రాత్రి డ్యూటీ ఒక్కడికే వదిలి వెళ్లిన సహోద్యోగికి. రిఫరెన్స్ ఇచ్చి తన పేరు పోగొట్టుకున్న పాత మేనేజర్‌కి. ‘నేర్చుకునే ఆరు నెలలు’ గడిచేది వాళ్ల నెత్తి మీదే.

అయితే అన్నీ చెప్పి తీరాలనేం లేదు, దీంట్లో @కొత్తపేజీ గారికి చాలా చోటుంది. మూడు నెలల్లో మానేసిన ఉద్యోగాన్ని రెజ్యూమెలో వదిలేయొచ్చు. వయసు, పెళ్లి, ఆరోగ్యం రాయక్కర్లేదు. పాత జీతం చెప్పడం ఇష్టం లేదని, ఈ పదవికి ఇంత ఆశిస్తున్నానని అనొచ్చు. కాలిఫోర్నియాలో అయితే 2018 నుంచి కంపెనీలు పాత జీతం అడగడమే నిషిద్ధం. కానీ ఫారంలో ‘గత ఏడేళ్లలో చేసిన ఉద్యోగాలన్నీ’ అని అడిగాక ఆ మూడు నెలలది వదిలేస్తే అది మౌనం కాదు, తప్పుడు జవాబు. రెజ్యూమెకూ ఫారంకూ ఉన్న తేడా ఇదే.

కొత్తపేజీ:
అందరికీ థ్యాంక్స్ అండీ. హోదా, టూల్ సంగతి మార్జిన్‌నోట్ గారు చెప్పినట్టే మార్చాం. చిక్కల్లా ఏమిటంటే, ఐదు నెలలు పొడిగించిన రెజ్యూమె ఒక చోట ముందే వెళ్లిపోయింది, అక్కడినుంచే ఆఫర్ వచ్చింది. ఫారం ఇంకా నింపలేదు. ఇప్పుడేం చేయాలి?

పచ్చటిక్కు:
ఫారం నింపలేదు కాబట్టి దారి ఉంది. ఫారంలో అసలు తేదీలే వేయండి. సబ్మిట్ చేసేముందే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి, ఫోన్‌తో సరిపెట్టొద్దు, రేపు రుజువు కావాలి. ఇంత చాలు: ‘నేను పంపిన రెజ్యూమెలో పాత ఉద్యోగం చివరి తేదీ తప్పుగా ఉంది. సరైన తేదీ ఇది. రిలీవింగ్ లెటర్, సవరించిన రెజ్యూమె జతచేశాను. ఫారంలో సరైన తేదీలే నింపుతున్నాను.’ టైపింగ్‌లో పొరపాటు జరిగిందని మాత్రం రాయొద్దు. రాస్తే అది రాతపూర్వకమైన రెండో అబద్ధం. ఎందుకని అడిగితే గ్యాప్ తక్కువగా కనబడాలని అలా వేశానని ఒక్క ముక్కలో ఒప్పుకోవడమే.

ఆఫర్ వెనక్కి తీసుకోవచ్చు, ఆ అవకాశం ఉంది. అయినా ఏజెన్సీ చెప్పకముందు అభ్యర్థే చెప్పిన ఫైలు వేరుగా చూస్తారు. వెరిఫికేషన్ పూర్తయిందని రాతలో వచ్చేదాకా ఇప్పుడున్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వొద్దు. చాలా ఆఫర్ లెటర్లలో ‘చెక్‌కు లోబడి’ అనే షరతు ఉంటుంది.

రిపోర్టే తప్పుగా వస్తే కాపీ అడగండి. అమెరికాలో రిపోర్టు చూసి ఆఫర్ తీసేసేముందు దాని కాపీ ఇవ్వాలని చట్టం. యూరప్‌లో జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కింద మీ వివరాలు చూడటానికి, సరిచేయించడానికి హక్కుంది. ఇంకొకటి, మెయిల్ పంపిన రోజే లింక్డ్‌ఇన్‌లోనూ, జాబ్ పోర్టల్స్‌లో అప్‌లోడ్ చేసిన పాత కాపీల్లోనూ తేదీ మార్చేయండి. ఏజెన్సీలు వాటిని పక్కపక్కన పెట్టి చూస్తాయి.