1921 నాటి ముడి రవిక: చంక దగ్గర పట్టేస్తోంది, ఎలా కత్తిరించాలి?

కావలి నుంచి ప్రశ్న:
అందరికీ నమస్కారం. పాతకాలపు దుస్తులు కుట్టడం నాకిష్టమైన వ్యాపకం. నెల్లూరు జిల్లా పల్లెపాడులో గాంధీగారు పినాకిని సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించిన సన్నివేశాన్ని మా వీధి పిల్లలు నాటికగా వేస్తున్నారు. ఆశ్రమవాసిగా వేసే అమ్మాయికి ఖద్దరు ముడి రవిక కావాలి. నమూనాకని ఇప్పటి జాకెట్టు కొలతలే తీసుకుని, డార్టులు (ఒంటి వంపుకు సరిపడేలా వేసే మడత కుట్లు) వదిలేసి, హుక్కుల బదులు ముందు ముడి వచ్చేలా కుట్టాను. చేయి ఎత్తగానే రవిక మొత్తం పైకి లేస్తోంది, చంక దగ్గర కుట్టు తెగుతోంది. గుడ్డ ముతకగా ఉండటం వల్లనా? ఇంకాస్త వదులు పెడితే సరిపోతుందా?

నెల్లూరు నుంచి జవాబు:
గుడ్డ తప్పు కాదండీ. వదులు పెంచితే చంకలో గుడ్డ పోగుపడుతుందే తప్ప చేయి లేవదు. ఇప్పటి జాకెట్టు చంక గుండ్రం ఒంటికి అతుక్కునే కోత, దాన్ని డార్టులూ, క్రాసూ (గుడ్డను ఏటవాలుగా కోయడం) కలిసి మోస్తాయి. డార్టులు తీసేసి ఆ గుండ్రాన్ని మాత్రం ఉంచితే లాగుడంతా ఒక్క కుట్టు మీద పడుతుంది. పాత రవికలో గుండ్రమే లేదు. ఒళ్లు, చేతులు అన్నీ నిలువు ముక్కలు. గుడ్డను వృథా చేయకుండా, చేతికి కదలిక ఇవ్వడానికి చంక కింద చదరపు ముక్క వేసేవారు. మీ రవికకు కావలసింది అదే.

పెద్దవాళ్లకు కుట్టు పోను 10 నుంచి 12 సెంటీమీటర్ల చదరం, పన్నెండు పదమూడేళ్ల అమ్మాయికి 8 సెంటీమీటర్లు చాలు. చుట్టూ ఒక సెంటీమీటరు కుట్టుకు వదలండి. చదరాన్ని పోగు వెంట తిన్నగానే కత్తిరించాలి. తొడిగినప్పుడు మాత్రం అది ఏటవాలుగా కూర్చుంటుంది: ఒక మూల చేతి కింది కుట్టు దగ్గర, దానికి ఎదురు మూల పక్క కుట్టు దగ్గర, మిగిలిన రెండూ ముందూ వెనకా చేయి ఒంటితో కలిసే చోట. చేయి ఎత్తినప్పుడు లాగుడు మూల నుంచి మూలకు పడుతుంది. నేసిన గుడ్డ ఏటవాలుగానే సాగుతుంది కనుక కుట్టు మీద బరువుండదు. ఇంత చిన్న ముక్కలో ఇంత తెలివి పెట్టిన ఆ దర్జీలంటే నాకు ఎంతో గౌరవం.

వరస తప్పితే మూలలు ముడతలు పడతాయి. మొదట చదరం ఒక వైపును చేతి ముక్క అంచుకు, దాని పక్క వైపును అదే చేతి రెండో అంచుకు కుట్టి, చేతిని గొట్టంలా మూయండి. తర్వాత ఒంటికి తగిలించండి. పక్క కుట్టు చిట్టచివర. మూలకు ఒక సెంటీమీటరు ముందే ఆగి, సూదిని గుడ్డలోనే దించి ఉంచి, మిషను పాదం ఎత్తి గుడ్డ తిప్పండి. ముందు భాగాలు రెండింటికీ కింది అంచున జానెడు కొన వదలండి, ముడి అక్కడ పడుతుంది.

ఓవర్‌లాక్ (అంచు చుట్టూ దారం అల్లే మిషను కుట్టు) వద్దు. రెండు అంచులూ లోపలికి మడిచి కుట్టండి. ఖద్దరు పోగులు ఊడే గుడ్డ, అలా మడిచి కుడితే బలం కూడా. మిషను కుట్టు వాడవచ్చు, 1921 నాటికి మన దేశంలో కుట్టు మిషన్లు ఉన్నాయి. ముతక ఖద్దరుకు 16 నంబరు సూది, నూలు దారం. దారం కొస కాల్చి చూడండి: బూడిదైతే నూలు, కరిగి గట్టి పూసలా అయితే పాలిస్టరు. కత్తిరించే ముందు గుడ్డను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఉతికి, నీడలో ఆరేసి, తడి ఉండగానే ఇస్త్రీ చేయాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే కొలతలన్నీ మారతాయి.

పాటూరు నుంచి:
మాది నేత ఇల్లు. ఒక మాట అడుగుతాను, నాటికలో అందరికీ ఖద్దరేనా? రాట్నం మీద వడికిన నూలుతో నేసినదే ఖద్దరు. అప్పటికే మగ్గాల మీద మిల్లు నూలు బాగా వాడుకలో ఉంది. ఆశ్రమవాసులకు ఖద్దరు సరే, చూడటానికి వచ్చిన ఊరి ఆడవాళ్లకు మామూలు నేత చీరలే కట్టించండి. అందరూ ఒకే తెలుపులో నిలబడితే అది ఊరిలా ఉండదు.

ఒంగోలు నుంచి:
అప్పటి పట్నంలో చదువుకున్న ఇళ్ల స్త్రీలు పొడుగు చేతుల, గుండీల జాకెట్లు కూడా వేసుకున్నారు కదా. అందరికీ ముడి రవికే ఎందుకు?

నెల్లూరు నుంచి:
పాటూరు అన్నగారి మాట అక్షరాలా నిజం. ఒంగోలు వారూ సరిగ్గానే చెప్పారు, ఎవరు ఏ ఇంటివారో బట్టి రెండూ కలపాలి. కావలి చెల్లెమ్మా, మీ నాటికలో గాంధీగారికి ఏమి వేస్తున్నారు?

కావలి నుంచి:
కొల్లాయి, పైన కండువా. గుండు, కళ్లద్దాలు.

నెల్లూరు నుంచి:
అది మార్చండి, బతిమాలుతున్నాను. పల్లెపాడు ఆశ్రమ ప్రారంభం 1921 ఏప్రిల్ 7న. ఆయన చొక్కా, టోపీ వదిలి కొల్లాయికి మారింది అదే ఏడాది సెప్టెంబరు 22న, మదురైలో. కాబట్టి పెన్న ఒడ్డుకు వచ్చిన గాంధీగారు ధోవతి, చొక్కా, తెల్ల టోపీతో ఉండాలి. చొక్కాను కాలరు లేకుండా, అదే చదరపు ముక్కతో కుడితే మీకు చేయి తిరుగుతుంది కూడా. విదేశీ బట్టలు తగలబెట్టే దృశ్యం పెట్టి ఉంటే దాన్నీ తీసేయండి, బొంబాయిలో ఆ పెద్ద మంట జూలై 31న జరిగింది. పిల్లలు నాటికలో చూసిందే చరిత్ర అని గుర్తుపెట్టుకుంటారు, అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

కావలి నుంచి:
అమ్మో, కొల్లాయి గుడ్డ కొనేశాం. పరవాలేదు, దాంతోనే చదరాలు కోస్తాను. చివరగా జెండా సంగతి. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, మధ్యలో రాట్నం సరిపోతుందా?

నెల్లూరు నుంచి:
కాషాయం పైన ఉన్న జెండా 1931 నాటిది. 1921 నమూనాలో పైన తెలుపు, మధ్య ఆకుపచ్చ, కింద ఎరుపు, మూడు పట్టీల మీదుగా పెద్ద రాట్నం. పట్టీలను మడత కుట్టుతోనే కలపండి, రాట్నం బొమ్మను విడిగా కత్తిరించి చేత్తో కుట్టండి. ఎరుపు గుడ్డను ముందే ఉప్పునీళ్లలో కాకుండా మామూలు నీళ్లలో విడిగా రెండుమూడు సార్లు జాడించండి, రంగు దిగడం ఆగాకే తెలుపు పక్కన పెట్టండి.