ఏకరూప కవలల్లో ఒక్కరికే బెక్‌విత్-వీడెమాన్ సిండ్రోమ్: కారణం జన్యువులా, పరిసరాలా?

పరిసరవాది:
ఏకరూప కవలలది ఒకే డీఎన్‌ఏ. అయినా ఈ సిండ్రోమ్‌లో (పెద్ద నాలుక, బొడ్డు దగ్గర హెర్నియా, పుట్టగానే షుగర్ పడిపోవడం) చాలా జంటల్లో ఒక బిడ్డకే లక్షణాలు కనిపిస్తాయి. జన్యువే కారణమైతే ఇద్దరికీ రావాలిగా? మాయలో రక్తం వాటా తేడానో, ఐవీఎఫ్‌లో పిండాన్ని పెంచే ద్రవమో, ఏదో బయటిదే అయ్యుండాలి.

జెనెటిక్స్ ఓపీ:
తొందరపడుతున్నారండీ. 11వ క్రోమోజోమ్ పొట్టి భుజం మీద ఒకచోట, తల్లి నుంచి వచ్చిన కాపీకి మిథైల్ గుర్తు (డీఎన్‌ఏకు అంటుకుని జన్యువుల పనిని అదుపు చేసే రసాయన గుర్తు) ఉండాలి. అది చెరిగిపోతే కేసీఎన్‌క్యూ1ఓటీ1 అనే ఆర్‌ఎన్‌ఏ తయారై, పెరుగుదలకు బ్రేకు వేసే సీడీకేఎన్1సీ జన్యువు నోరు నొక్కేస్తుంది. డీఎన్‌ఏలో ఒక్క అక్షరమూ మారదు కాబట్టి మామూలు సీక్వెన్సింగ్‌లో ఏమీ దొరకదు. కణం విభజన జరిగిన ప్రతిసారీ ఆ గుర్తును కొత్త పోగు మీద మళ్లీ వేయాలి. తొలి రోజుల్లో ఒక్క విభజనలో అది తప్పి, ఆ కణం సంతతి ఎక్కువగా ఒక పిండంలోకే చేరితే చాలు. పైగా ఇలాంటి జంటల్లో అత్యధికం ఆడపిల్లలే. రక్తం వాటాయే కారణమైతే మగపిల్లల జంటల్లోనూ అంతే కనబడాలి కదా?

పరిసరవాది:
ఆడపిల్లల సంగతికి నా దగ్గర జవాబు లేదు. మరి ఐవీఎఫ్ పిల్లల్లో ఈ సిండ్రోమ్ ఎక్కువని అధ్యయనాలున్నాయే?

జెనెటిక్స్ ఓపీ:
ఎక్కువే. కానీ అది ద్రవం వల్లా, హార్మోన్ మందుల వల్లా, అసలు గర్భం నిలవకపోవడానికి ఉన్న కారణం వల్లా అన్నది ఆ లెక్కల్లో విడిపడదు. ఇంకోటి. తల్లిలో ఎన్‌ఎల్‌ఆర్‌పీ5 లాంటి జన్యువు దెబ్బతింటే ఆమె అండం ఈ గుర్తులను సరిగా కాపాడలేదు. తల్లికి అది జన్యులోపం, బిడ్డకు పరిసరం. దీన్ని ఏ గాటన కడతారు?

ల్యాబ్ బల్ల:
వాదన ఎటు తేలినా శాంపిల్ తప్పుగా తీస్తే అంతా దండగ. ఒకే మాయ పంచుకున్న కవలల రక్తనాళాలు అందులో కలుస్తాయి, రక్తాన్ని తయారుచేసే మూలకణాలు ఒకరి నుంచి ఒకరికి పోతాయి. అందుకే రక్తం పరీక్షిస్తే ఏ లక్షణమూ లేని బిడ్డకూ మిథైలేషన్ (ఆ మిథైల్ గుర్తు ఎంత ఉందన్న లెక్క) తగ్గినట్టే రావచ్చు. మామూలుగా అది 50 శాతం దగ్గర ఉండాలి, ఎందుకంటే గుర్తు ఒక కాపీ మీదే ఉంటుంది.

శాంపిల్‌ను స్వాబ్‌తో (దూదిపుల్లతో) బుగ్గ లోపలి నుంచి తీయండి. పాలు తాగి కనీసం అరగంట గడవాలి, లేకపోతే తల్లిపాలలోని కణాలు కలుస్తాయి. స్వాబ్‌ను గాలికి ఆరనిచ్చి కాగితం కవర్లో పెట్టండి. తడిగా ప్లాస్టిక్‌లో మూసేస్తే బూజు పట్టి డీఎన్‌ఏ పాడవుతుంది. ఉమ్ము మాత్రం వద్దు, దాన్నిండా తెల్లరక్తకణాలే, మళ్లీ పాత తంటా. స్వాబ్‌లోనూ అవి కొన్ని వస్తాయి కాబట్టి ఫలితం అటూ ఇటూ కాకుండా ఉంటే చర్మం బయాప్సీయే గతి.

పరిసరవాది:
ఈ సిండ్రోమ్‌లో ట్యూమర్ల ముప్పు ఉంటుంది కదా, రక్తంలో మాత్రమే తేడా ఉన్న రెండో బిడ్డకూ వాటి కోసం స్కాన్లు తీయాల్సిందేనా?

జెనెటిక్స్ ఓపీ:
ఇక్కడ వైద్యులే రెండు వర్గాలు. పక్కనున్న హెచ్19 ప్రాంతంలో మిథైలేషన్ పెరిగిన పిల్లల్లో ట్యూమర్ ముప్పు సుమారు 28 శాతం. మనం మాట్లాడుతున్న, గుర్తు చెరిగిన రకంలో 3 శాతం లోపే. అందుకే యూరప్ నిపుణులు 2018లో ఈ రకానికి రొటీన్ స్కాన్ అక్కర్లేదన్నారు. అమెరికాలో చాలామంది రకంతో పని లేకుండా 7 ఏళ్లు నిండేదాకా 3 నెలలకోసారి పొట్ట అల్ట్రాసౌండ్ తీయిస్తారు. నా మటుకు, చర్మం ఫలితం నార్మల్‌గా ఉండి లక్షణాలేవీ లేని బిడ్డను స్కాన్ల చుట్టూ తిప్పడం అనవసరం. దానికన్నా సీడీకేఎన్1సీ జన్యువులోనే లోపముందేమో చూసే పరీక్ష ముఖ్యం. లోపం తల్లి నుంచి వచ్చిందని తేలితే తర్వాతి కాన్పులో ముప్పు 50 శాతం. గుర్తు చెరిగిన రకంలో సాధారణంగా 1 శాతం లోపే.

ల్యాబ్ బల్ల:
నాలుక తగ్గించే సర్జరీ ఎలాగూ జరిగే బిడ్డకు విడిగా బయాప్సీ ఎందుకు? తీసిన ముక్కలో కొంత సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డలో చుట్టి మాకు పంపమని సర్జన్‌కు ముందురోజే చెప్పి ఉంచండి. అలవాటుగా మొత్తం ఫార్మలిన్‌లో (ముక్క కుళ్లకుండా ఉంచే ద్రవంలో) వేసేస్తారు, అందులో డీఎన్‌ఏ తునకలైపోతుంది.