జీమ్యాట్ వేవర్ అడిగేటప్పుడు సప్లీ సంగతి ఎక్కడ రాయాలి?

అమెరికాలో ఎంబీఏకి జీమ్యాట్, జీఆర్‌ఈ ప్రవేశ పరీక్షలు రెండూ లేకుండా వేవర్ (స్కోరు నుంచి మినహాయింపు) అడిగినవాళ్లు కాస్త చెప్పండి. ఉస్మానియా బీఈ, గచ్చిబౌలిలో 6 ఏళ్ల ఉద్యోగం. చిక్కంతా మార్కుల మెమోతోనే: లెక్కల పేపరొకటి సప్లిమెంటరీలో పాసైంది. వేవర్‌కి వాళ్లు ముఖ్యంగా చూసేవాటిలో లెక్కలు, స్టాటిస్టిక్స్ గ్రేడులు కూడా ఉంటాయాయె! ఆ సంగతి వేవర్ లేఖలోనే ఒప్పుకోవాలా, ఆప్షనల్ ఎస్సేకి (దరఖాస్తులో కావాలంటే రాసే అదనపు వ్యాసం) వదిలేయాలా? ఆఫీసులో కట్టిన ధరల అంచనా మోడల్, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్) పని అంకెలతో రాస్తే సరిపోతుందా, గ్రేడు ఇచ్చే స్టాటిస్టిక్స్ కోర్సు చేయాలా? (ఉత్త సర్టిఫికెట్‌ని పట్టించుకోరనే నా అనుమానం.) వేవర్ కుదరదంటే, దరఖాస్తు రౌండ్ గడువులోపు జీమ్యాట్ రాయడానికి ఎన్ని వారాలు చేతిలో ఉంచుకోవాలి? పరీక్ష 2 గంటల 15 నిమిషాలే, ప్రిపరేషనే భయం. స్కోరు లేకపోతే స్కాలర్‌షిప్‌కి గండి పడుతుందా? ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) పీజీపీ కోర్సు మాత్రం చెప్పకండి, దానికి స్కోరు కావాల్సిందే.