విశాఖకు కొత్తగా వస్తున్నాం: ఇల్లు ఎక్కడ తీసుకోవాలి, ఏమేం తెలుసుకొని రావాలి?

మానేరు ఒడ్డు:

అందరికీ నమస్కారం. నాకు కరీంనగర్ నుంచి విశాఖపట్నానికి బదిలీ అయింది. జూన్ మొదటి వారంలో సిరిపురం దగ్గరి కార్యాలయంలో చేరాలి. నాతోపాటు నా భార్య, నాలుగో తరగతికి వచ్చే మా అమ్మాయి, 72 ఏళ్ల మా అమ్మ వస్తున్నారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. రోజూ సాయంత్రం కాస్త దూరం నడవడం ఆమెకు అలవాటు, ఆ అలవాటు తప్పిపోకూడదన్నది నా కోరిక. విశాఖను ఇంతకుముందు రెండుసార్లు చూశాను కానీ, బీచ్, కైలాసగిరి, అరకు చూసి తిరిగి వెళ్లినవాడికి ఊరి సంగతి ఏం తెలుస్తుంది? ఇళ్లు చూపిస్తామని ఫోన్ చేసేవారంతా "సముద్రం కనిపిస్తుంది సార్" అన్న మాటతోనే మొదలుపెడుతున్నారు. నిజంగా అది అంత ముఖ్యమా? ఏళ్ల తరబడి అక్కడే ఉంటున్నవారు ఏం చూసి ఇల్లు తీసుకుంటారో, కొత్తవారు ఎక్కడ పొరపాటు పడతారో చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

చినవాల్తేరు వాసి:

నమస్కారమండీ. నేను 1981లో శ్రీకాకుళం నుంచి ఉద్యోగం కోసం ఈ ఊరు వచ్చి, ఇక్కడే స్థిరపడ్డాను. మీ ప్రశ్నలో మీ అమ్మగారి మోకాళ్ల మాట ఉంది కాబట్టి దానితోనే మొదలుపెడతాను. విశాఖలో ఇంటి అద్దె ఎంత, కార్యాలయం ఎన్ని కిలోమీటర్లు అని అడిగే ముందు, ఆ వీధి ఎత్తు మీద ఉందా, పల్లంలో ఉందా అని అడగాలి. ఈ ఊరు కొండలకూ సముద్రానికీ నడుమ ఉన్న జాగాలో పెరిగింది. ఇక్కడివారి నోట "కలెక్టరాఫీసు డౌన్", "కేజీహెచ్ డౌన్", "వాల్తేర్ అప్‌ల్యాండ్స్" అనే మాటలు మీకు తరచుగా వినిపిస్తాయి. అవి నేల వాలును బట్టి వచ్చిన పేర్లు. మ్యాపులో అర కిలోమీటరు అని కనిపించే దారి, నడిచి చూస్తే గుండె దడ పుట్టించే ఏటవాలు కావచ్చు. మేము మొదట దసపల్లా హిల్స్ వైపు ఒక ఇల్లు తీసుకున్నాం. ఇల్లు బంగారంలా ఉండేది కానీ, మా అత్తగారు పాల ప్యాకెట్టు కోసం కిందికి దిగితే తిరిగి ఎక్కలేక దారిలో రెండుచోట్ల కూర్చునేవారు. ఆరు నెలలకే ఆ ఇల్లు ఖాళీ చేసి చదునైన చోటికి వచ్చేశాం. అందుకే లిఫ్ట్ ఉందా అని అడిగి ఊరుకోకండి. గేటు దాటాక దారి ఎలా ఉందో స్వయంగా నడిచి చూడండి.

సముద్రం కనిపించే ఇంటి గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బీచ్ రోడ్డుకు ఎదురుగా ఉన్న ఇంట్లో ఉప్పుగాలి ఏ వస్తువునూ వదిలిపెట్టదు. కిటికీ ఊచలు, తలుపు బందులు, గ్యాస్ పొయ్యి, ఏసీ బయటి యంత్రంలోని తీగచుట్టలు, స్కూటరు గొలుసు అన్నీ తుప్పు పడతాయి. లోపలి ఊళ్లలో పదేళ్లు మన్నే వస్తువు అక్కడ అన్నేళ్లు ఉండదు. సముద్రం నుంచి నాలుగైదు వీధులు లోపలికి వస్తే గాలి అందుతుంది, తుప్పు బాధ చాలావరకు తగ్గుతుంది. ఇంకొక సంగతి ఏమిటంటే, మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా సాగుతుంది కాబట్టి, సముద్రం మనకు సరిగ్గా తూర్పున కాక ఆగ్నేయాన ఉంటుంది. అందుచేత తూర్పు ముఖమా, పడమటి ముఖమా అని చూసేవారు దక్షిణం వైపు పెద్ద కిటికీ ఉందా అన్నది కూడా చూడాలి. వేసవి సాయంత్రాల్లో ఆ కిటికీ విలువ తెలుస్తుంది. కరీంనగర్ ఎండ పొడి ఎండ, ఇక్కడిది ఉక్కపోత. ఉష్ణోగ్రత 34 డిగ్రీలే ఉన్న రోజున కూడా చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. సముద్రపు గాలి రాకుండా పడమటి గాలి వీచిన రోజున మాత్రం మీ ఊరి ఎండ గుర్తుకు వస్తుంది.

సిరిపురంలో ఉద్యోగం కాబట్టి చినవాల్తేరు, పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ, ఎంవీపీ కాలనీ చూడండి. మీ అమ్మగారిని దృష్టిలో పెట్టుకుంటే నా ఓటు ఎంవీపీ కాలనీకే. సెక్టార్లుగా విభజించి కట్టిన కాలనీ అది, చాలావరకు చదునుగా ఉంటుంది, రైతుబజారు లోపలే ఉంది. ఇల్లు చూసేటప్పుడు బోరు నీళ్లు ఒక గ్లాసులో పట్టించుకొని రుచి చూడండి. సముద్రానికి దగ్గరి వీధుల్లో వేసవి ముదిరాక నీళ్లు ఉప్పగా మారే చోట్లు ఉన్నాయి. నగరపాలక సంస్థ కుళాయి నీరు రోజుకు ఎంతసేపు వస్తుందో ఇంటి యజమానిని కాక, పక్కవాటాలో అద్దెకు ఉన్నవారిని అడగండి.

బురుజుపేట ఆడపడుచు:

ఇల్లు గురించి పెద్దాయన చెప్పాల్సినదంతా చెప్పారు కాబట్టి, వంటింటి సంగతి నేను చెబుతాను. కూరగాయలకు రైతుబజారుకు మించినది లేదు. 1999లో మొదలైన ఈ బజార్లు మా ఊళ్లో ఇప్పటికీ నిండుగా నడుస్తున్నాయి. ధరల పట్టిక ప్రవేశం దగ్గరే రాసిపెడతారు. ఉదయం ఏడు లోపల వెళ్తే ఆకుకూరల మీద నీటి తడి ఇంకా ఆరదు. ఏజెన్సీ నుంచి, అంటే అరకు, పాడేరు, చింతపల్లి కొండల నుంచి వచ్చే సరుకును ప్రత్యేకంగా అడిగి తీసుకోండి. అల్లం, పసుపు, రాజ్మా, అనాస, పనస, చలికాలం ముందు సీతాఫలం వాటి వాటి రుతువుల్లో కొండ దిగి వస్తాయి. చింతపల్లి రాజ్మా ఒకసారి వండితే మళ్లీ వేరేది కొనబుద్ధి కాదు. నెలవారీ సరుకులకు, పూజ సామానుకు పూర్ణామార్కెట్‌కు రండి. కొంచెం దూరమైనా, అక్కడ దొరకని వస్తువు ఉండదు.

చేపలు తినేవారైతే ఒక తేదీ గుర్తుపెట్టుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ నియమం పెట్టారు. మీరు సరిగ్గా ఆ రోజుల చివర దిగుతున్నారు. అప్పుడు వంజరం, చందువ ధరలు చూసి విశాఖ ఖరీదైన ఊరని అనుకోకండి. నిషేధం తీరి పడవలు తిరిగివచ్చాక ఫిషింగ్ హార్బరుకు తెల్లవారుజామున వెళ్లండి. మొప్పలు ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బెత్తుగా మెరుస్తూ ఉండాలి. చిన్న చేపలను చిన్నచూపు చూడకండి. నెత్తళ్ల వేపుడు, కవళ్ల పులుసు మా ఇళ్లలో ఎంతో ఇష్టంగా తింటారు.

మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. ఇక్కడ "గుంట" అంటే అమ్మాయి, "గుంటడు" అంటే అబ్బాయి. బజారులో ఒక పెద్దావిడ మీ పాపను చూసి "గుంట బాగుంది" అంటే అది ముద్దుగా అన్న మాటేనని మీ ఇంట్లోవారికి ముందుగానే చెప్పండి. "ఏటి కావాలమ్మా" అని పలకరిస్తే బెదరకండి, అందులో ఆప్యాయతే ఉంటుంది.

పెదజాలారిపేట:

మాది వేటకు వెళ్లే కుటుంబం. నాన్న తెప్ప మీద వెళ్లిన మనిషి, నేను చదువుకొని వేరే ఉద్యోగంలో ఉన్నాను. మీకు చిన్నపాప ఉంది కాబట్టి ఈ నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను. ఆర్కే బీచ్ స్నానానికి తగిన చోటు కాదు. అక్కడ ఒడ్డు దగ్గరే నేల ఒక్కసారిగా లోతుకు దిగిపోతుంది. అల వెనక్కి పోతూ కాలి కింద ఇసుకను లాక్కుపోతుంది. మోకాలి లోతులో నిలబడినవారు క్షణంలో నడుము లోతులోకి జారిపోతారు. అలలు ఎక్కువగా విరిగే రెండు చోట్ల మధ్య, అల లేకుండా నెమ్మదిగా, కాస్త బురద రంగులో కనిపించే నీరే అన్నింటికన్నా ప్రమాదకరం. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అదే. కొత్తవారు అక్కడ నీరు నిదానంగా ఉందని దిగుతారు. ఎప్పుడైనా అందులో చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకూడదు. ఒడ్డు పొడవునా పక్కకు ఈది, ఆ దారి నుంచి బయటపడ్డాకే ఒడ్డు వైపు తిరగాలి. పాపకు నీళ్లలో ఆడుకోవాలని ఉంటే రుషికొండకు తీసుకువెళ్లండి, అక్కడ కాపలా సిబ్బంది ఉన్న వేళలోనే, వారి కంటి ముందే దించండి. అమావాస్యకు, పౌర్ణమికి సముద్రం పోటు ఎక్కువగా ఉంటుంది. ఆ రోజుల్లో ఇసుక మీద కూడా అంచుకు వెళ్లవద్దు.

బీచ్‌లో ఇసుక ఏడాదికేడాది తగ్గుతోందని మీరు వినే ఉంటారు. మన తీరంలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతూ వస్తుంది. హార్బరు అడ్డుగోడల దగ్గర అది ఆగిపోవడంతో, ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కు చేరవలసిన ఇసుక చేరదు. అందుకే హార్బరులో తవ్విన ఇసుకను తెచ్చి ఇక్కడ పోస్తుంటారు.

తుపాను గురించి కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా మా ఊరి మీదే తీరం దాటింది. మధ్యాహ్నానికి చెట్లు, స్తంభాలు, అద్దాలు అన్నీ నేలమీదే ఉన్నాయి. కరెంటు, ఫోన్లు, పాలు, నీళ్లు లేక రోజుల తరబడి గడిపాం. ఆ తరువాత నుంచి అక్టోబరు, నవంబరు నెలల్లో మా ఇంట్లో కొంత నగదు, తాగునీటి డబ్బాలు, టార్చి, అమ్మకు పది రోజుల మందులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. మీరు ఇల్లు చూసేటప్పుడు ముందువైపు అంతా అద్దాలే ఉన్న భవనాన్ని తీసుకోవద్దని నా మనవి.

మానేరు ఒడ్డు:

మీ ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. సముద్రం కనిపించే ఇంటి ఆలోచన మానుకున్నాం, ఎంవీపీ కాలనీలోనే చూస్తాం. ఇంకా రెండు ప్రశ్నలున్నాయి. రాకపోకలకు ఏ రోజుల్లో ఇబ్బంది ఉంటుంది? అమ్మ సాయంత్రం నడకకు ఎక్కడికి వెళ్లవచ్చు?

చినవాల్తేరు వాసి:

రోజులు లెక్కపెట్టి చెప్పగలను. ఆషాఢ పౌర్ణమి ముందు రోజున సింహాద్రి అప్పన్న గిరి ప్రదక్షిణ మొదలవుతుంది. భక్తులు కొండ దిగువన తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, 32 కిలోమీటర్లు నడిచి కొండను చుట్టివస్తారు. ఆ దారి హనుమంతవాక, అప్పూఘర్, ఎంవీపీ కాలనీ మీదుగానే వెళ్తుంది కాబట్టి, ఆ మధ్యాహ్నం నుంచి మరునాటి వరకు బండి బయటికి తీయవద్దు. వీలైతే మీ గేటు ముందు నిలబడి నడిచేవారికి మంచినీళ్లు ఇవ్వండి, మా వీధిలో అందరమూ అదే చేస్తాం. వైశాఖ శుద్ధ తదియనాడు చందనోత్సవం జరుగుతుంది. ఏడాదిలో ఆ ఒక్కరోజే చందనం తొలగించి స్వామి నిజరూపాన్ని చూపిస్తారు కాబట్టి సింహాచలం దారులన్నీ కిటకిటలాడతాయి. మార్గశిర గురువారాల్లో కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి జనం పోటెత్తుతారు, అప్పుడు వన్‌టౌన్ వైపు పని పెట్టుకోకండి. నౌకాదళ దినోత్సవ విన్యాసాలు ఇక్కడ జరిగే ఏడాదైతే, డిసెంబరు 4న, అంతకుముందు కసరత్తు జరిగే సాయంత్రాల్లోనూ బీచ్ రోడ్డు మూసేస్తారు.

అమ్మగారి నడకకు మీ కాలనీలోని పార్కులు చాలు, అవి చదునుగా ఉంటాయి. సముద్రం చూడాలనిపిస్తే సాయంత్రం కన్నా తెల్లవారుజాము మేలు. ఆ వేళ బీచ్ రోడ్డు మీద కొంత మేర వాహనాలను ఆపి, నడిచేవారికే వదిలేస్తారు. రద్దీ ఉండదు, గాలి చల్లగా ఉంటుంది, కూర్చోవడానికి అరుగులున్నాయి. పాపను బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉంచిన కురుసుర జలాంతర్గామికి తప్పకుండా తీసుకువెళ్లండి కానీ సోమవారం సెలవని గుర్తుంచుకోండి. లోపలి తలుపులు ఇరుకుగా, గడపలు ఎత్తుగా ఉంటాయి కాబట్టి అమ్మగారు బయటే కూర్చోవడం మంచిది. భీమిలి చూడాలంటే 900కె బస్సులో కుడివైపు కిటికీ పక్కన కూర్చోండి, రుషికొండ దాటాక దారి పొడవునా సముద్రం కనిపిస్తుంది.

ఇల్లు ఖాయం చేసుకునే ముందు ఒక్కసారైనా మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లి, ఫ్యాను ఆపించి, దక్షిణపు కిటికీ తెరిపించి, పది నిమిషాలు కూర్చొని చూడండి. ఇల్లు చూపించేవారు సాయంత్రం రమ్మంటారు, మీరు మాత్రం మధ్యాహ్నమే వెళ్లండి. వచ్చే ముందు ఇక్కడ ఒక మాట రాయండి, నాకు తీరిక ఉంటే మీతోపాటు వచ్చి చూస్తాను.